అవును, మీ నాన్నే

ఆస్పత్రి నేలమాళిగలో, బట్టలుతికే యంత్రాల గదికి ఆనుకుని, చిరిగిన దుప్పట్ల గది ఒకటుంది. అందులో ఒక కుట్టుమిషను, ఒక పొడవాటి చెక్కబల్ల, ఒక మనిషి. ఆ మనిషిని పైన వార్డుల్లో నర్సుల దగ్గర్నుంచి కింద బాయిలరు చూసుకునే ముసలాయన దాకా అందరూ దుప్పట్లమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. పద్దెనిమిదేళ్ళుగా దాన్ని అక్కడ చదివినవాళ్ళే తప్ప నోరారా పిలిచినవాళ్ళు లేరు.

ఉతికి ఆరిన దుప్పట్లలో చిరుగులున్నవి ఏరి, ఒక తోపుడుబండిలో వేసి ఆమె గుమ్మం ముందు వదిలేసి వెళ్తారు. ఒక్కోదాన్నీ ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూస్తుంది. చిరిగినచోటు ఎవరికైనా కనిపిస్తుంది. చిరగబోయే చోటు కనిపెట్టడంలోనే ఉంది పనితనం. అక్కడ దారాలు పలచబడి వెలుతురు కాస్త ఎక్కువగా దిగుతుంది. దాని చుట్టూ పెన్సిలుతో గీసి, పాత దుప్పటిలోంచి కత్తిరించిన ముక్కతో మాసిక వేసి, నాలుగంచులూ కుట్టి, మూలన ఎర్రదారంతో వార్డు అక్షరం వేస్తుంది. గోడవతల యంత్రాలు రోజంతా గిర్రున తిరుగుతుంటాయి. ఆ రొదలో మాట్లాడాలంటే అరవాలి. దుప్పట్లమ్మ అరిచే రకం కాదు. మధ్యాహ్నం ఇస్త్రీ గది నుంచి ఇస్త్రీ అక్క టీ తాగడానికి వచ్చినప్పుడు నాలుగు మాటలు మాట్లాడేది. ఆ రోజుకి అవే.

పెళ్ళయిన కొత్తలో ఆమె ఇంట్లో మాటలకేం కరువు లేదు. ఆయన గడపగడపకీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగి. ఊళ్ళో ఎవరింట్లో కుక్క కరుస్తుందో, ఎవరు మీటరు పక్కన చెప్పుల స్టాండు పెట్టి దారి మూసేశారో, అన్నీ మోసుకొచ్చి చెప్పేవాడు. ఆమె నవ్వేది. వినేవాళ్ళుంటే చాలు ఆయనకి, జవాబు అక్కర్లేదు. అందుకే ఆ సంసారం కొన్నాళ్ళు సాఫీగానే నడిచింది.

పాప పుట్టింది. ఆలస్యంగా కూర్చుంది, ఆలస్యంగా నడిచింది. మూడేళ్ళొచ్చినా అమ్మ అనలేదు. నాలుగో ఏట ఒకరోజు, "నీళ్ళు కావాలా?" అని తల్లి అడిగితే, "నీళ్ళు కావాలా" అంది. ఇల్లంతా ఎగిరి గంతేసినంత పనైంది. ఆ మాట, ఆ యాస, ఆఖరికి తల్లి గొంతులో ఉన్న అలసట కూడా అచ్చు దిగిపోయాయి. కానీ ఆ తర్వాత కూడా అంతే. ఎవరేమంటే అదే తిరిగి అనడం. తనకి ఆకలేస్తే "నీకు ఆకలేస్తోందా" అనేది, ఎందుకంటే తల్లి తనని అలాగే అడిగేది. 'నేను' అన్న మాటే ఆ పిల్ల నోట లేదు. తనని తాను 'నువ్వు' అనుకునేది. డాక్టర్లు పరీక్షలు చేసి, ఎదుగుదలలో లోపం ఉందని కాగితం మీద రాసిచ్చారు. వీధిలో వాళ్ళు కాగితం లేకుండానే చిలక అని పేరు పెట్టారు. మొదట్లో దుప్పట్లమ్మకి చివుక్కుమనేది. పిలవగా పిలవగా తనూ చిలకా అనడం మొదలుపెట్టింది.

చిలకకి ఐదేళ్ళప్పుడు ఆయనకి ఊరి అవతలి వైపుకి బదిలీ అయింది. రోజూ తిరగలేనని అక్కడే గది తీసుకున్నాడు. మొదట వారం వారం వచ్చేవాడు, తర్వాత నెలకోసారి. అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడని ఈమె చెవిన పడే నాటికి ఆ ఇంట్లో బిడ్డ కూడా ఉంది. చివరిసారి వచ్చిన రోజున ఆయనే నోరు విప్పాడు.

"ఈ ఇంట్లో అడుగుపెడితే నా మాట నాకే తిరిగొచ్చి తగులుతోంది. నువ్వు మాట్లాడవు. అది నా మాటే నాకు చెప్తుంది. నేనూ మనిషినే కదా!"

ఆమె గుండెలో వంద మాటలు తోసుకొచ్చాయి. నోటికొచ్చింది మాత్రం ఒకటే.

"అన్నం పెట్టనా?"

"అన్నం పెట్టనా" అంది చిలక గుమ్మంలోంచి.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చిలక కిటికీ దగ్గర నిలబడి "నాన్న? నాన్న?" అంటుంటే, "డ్యూటీకెళ్ళాడు" అంది తల్లి. ఆ మాటే తర్వాత నాలుగేళ్ళు ఆ ఇంట్లో నడిచింది. అది అబద్ధమని కూడా ఆమెకి తోచలేదు. పిల్ల నోరు మూతపడటానికి పనికొచ్చింది, వాడింది.

ఆస్పత్రి రెండో అంతస్తులో ఇలాంటి పిల్లలకి పొద్దుటిపూట తరగతి ఉండేది. మధ్యాహ్నానికి చిలక కిందకొచ్చి, తల్లి బల్ల కింద కూర్చుని, కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డపేలికల్ని చదరంగా మడతలు పెట్టుకునేది. పైన తరగతికి కొత్తగా మాటల టీచరు వచ్చింది. చిన్నవయసే, మాట మాత్రం సూటి. చిలకకి పదకొండేళ్ళప్పుడు ఆమె తల్లినీ పిల్లనీ ఒక గదిలో కూర్చోబెట్టి, రాతలేని బొమ్మల పుస్తకం ఒకటి చేతికిచ్చి, "పది నిమిషాలు ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడండి" అని రికార్డరు పెట్టి బయటికెళ్ళింది. వారం తర్వాత దుప్పట్లమ్మని పిలిచి ఒక కాగితం ముందు పెట్టింది.

"పది నిమిషాల్లో మీరు తొంభై ఆరు వాక్యాలు మాట్లాడారు. నలభై 'ఇదేంటి'లు, ముప్ఫై 'చెప్పు'లు. మిగతావన్నీ 'చూడు', 'సరిగ్గా కూర్చో', 'వేలు నోట్లోంచి తియ్యి'."

"తప్పా మేడమ్?"

"తప్పని కాదమ్మా. ఈ బొమ్మలో పిల్ల ఎందుకేడుస్తోంది?"

"బెలూను ఎగిరిపోయింది కదా."

"ఆ ముక్క మీ అమ్మాయికి చెప్పలేదు. బెలూను ఏ రంగో అడిగారు."

"అదంతా దానికెక్కడ అర్థమవుతుంది మేడమ్? చిలక్కి చెప్పినట్టు చెప్పినా..." అని, తనన్నదేమిటో తనకే వినపడి ఆగిపోయింది దుప్పట్లమ్మ.

టీచరు నవ్వలేదు. "అర్థమయ్యాక చెప్దామనుకుంటే ఎప్పటికీ చెప్పరు. బాధ, భయం, కోపం, అనుకోవడం, ఈ మాటలు విననిదే ఏ పిల్లకైనా ఎలా తెలుస్తాయి? తన లోపల ఏదో గిలగిల్లాడుతుంటే దాన్నేమనాలో కూడా తెలియకపోతే ఎంత కష్టం?" అని, మళ్ళీ అడిగింది. "పోనీ, మీకేమనిపిస్తోందో మీరు ఎవరితో చెప్పుకుంటారు?"

"ఇంట్లో మేమిద్దరమే."

"బయట?"

దుప్పట్లమ్మ లేచి, "బండి నిండిపోయి ఉంటుంది మేడమ్, వెళ్ళాలి" అని కిందకొచ్చేసింది. మెట్లు దిగుతున్నంతసేపూ మొహం మండిపోతూనే ఉంది. పిల్ల గురించి పిలిచి తన సంగతి అడగడమేమిటి? నెల్లాళ్ళు ఆ అంతస్తు ఛాయలకి పోలేదు. చిలకని మెట్ల దగ్గరే వదిలేసి వచ్చేది.

ఆ నెలలోనే, ఒక ఆదివారం, చిలకకి చెప్పులు కొనడానికి ఇద్దరూ బజారుకెళ్ళారు. కొట్ల వరస మొదట్లోనే చిలక టక్కున ఆగిపోయింది. నాలుగు కొట్ల అవతల, బొమ్మల దుకాణం ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. చిటికెన వేలు పట్టుకుని నాలుగేళ్ళ పాప. ఒక భుజం కిందకి వాల్చి నిలబడటం, చొక్కా చేతులు ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా మడవడం, చూడగానే దుప్పట్లమ్మ పోల్చుకుంది.

"నాన్న" అంది చిలక. "నాన్న డ్యూటీ!"

ఆయన తలెత్తాడు. చూశాడు. చూసి, మెల్లగా దుకాణం అద్దం వైపు తిరిగి నిలబడ్డాడు.

"కాదు" అంది దుప్పట్లమ్మ. పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. "నాన్న కాదు. ఎవరో."

"నాన్న."

"చెప్పేది నీక్కాదూ? ఎవరో!"

"ఎవరో" అంది చిలక.

ఇంటిదాకా ఆ మాటే. బస్సులో, వీధిలో, మెట్ల మీద. "ఎవరో. ఎవరో." అలవాటే కదా, రేపటికి మర్చిపోతుందనుకుంది తల్లి. మర్నాడు చిలక పళ్ళెం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. మణికట్టు కొరుక్కుంది. రక్తం చిమ్మేదాకా కొరుక్కుంది. మూడో రోజు ఇస్త్రీ అక్క ఎప్పటిలాగే బుగ్గ గిల్లబోతే, వెనక్కి జరిగి "ఎవరో" అంది. నాలుగో రోజు తల దువ్వుతుంటే అద్దంలో తన మొహం కేసి చూసి "ఎవరో" అంది. తర్వాత అదే అద్దంలో, వెనక నిలబడ్డ తల్లి మొహం కేసి చూసింది.

"ఎవరో."

తల్లి దువ్వెన కింద పెట్టేసింది. అప్పుడు భయమేసింది దుప్పట్లమ్మకి. డాక్టర్లు కాగితం రాసిచ్చిన రోజున కూడా అంత భయం వెయ్యలేదు.

రెండో అంతస్తు మెట్లు పరుగున ఎక్కింది. నెల్లాళ్ళు ఎందుకు రాలేదని టీచరు అడగలేదు. జరిగింది మొత్తం విని, మణికట్టు మీద కట్టు విప్పి చూసి, మళ్ళీ కట్టింది.

"తను చూసింది. మీరు కాదన్నారు. అమ్మ మాట నమ్మాలా, తన కళ్ళని నమ్మాలా? పిల్ల అమ్మనే నమ్మింది. తెలిసిన మొహం ఒకటి 'ఎవరో' అయిపోతే, ఇక మిగతా మొహాల సంగతేంటి? నాకలా అనిపిస్తోందమ్మా."

"ఇప్పుడేం చెయ్యను?"

"చిన్న చిన్న వాక్యాల్లో నిజం చెప్పండి. తనేం చూసిందో, మీరేమన్నారో, అప్పుడు మీకేమనిపించిందో. ఇరవైసార్లు చెప్పాల్సి రావచ్చు."

"ఆయన ఎందుకెళ్ళిపోయాడని అడిగితే? నాకే సరిగ్గా తెలియదు మేడమ్."

"తెలియదనే చెప్పండి."

అలవాటు లేని పని. అందుకని మొదట దుప్పట్ల గదిలో సాధన చేసింది. చిలక పై అంతస్తులో ఉండగా, మాసిక కుడుతూ, యంత్రాల రొదలో పైకే అంది. "ఆ రోజు నువ్వు చూసింది మీ నాన్ననే." బాగానే వచ్చింది. "నేను అబద్ధం చెప్పాను." అదీ వచ్చింది. "నాన్న మనల్ని వదిలేశాడు" అనబోయింది. 'మనల్ని' దాకా వచ్చి ఆగిపోయింది. నాలుగేళ్ళలో ఆ వాక్యం ఒక్కసారైనా తన నోటితో అనలేదని అప్పుడు తెలిసొచ్చింది. ఇంకోసారి ప్రయత్నించింది. ఈసారి మాట బయటికొచ్చింది, దానివెంటే ఏడుపూ వచ్చింది. కుడుతున్న దుప్పటినే మొహానికి అదుముకుని ఏడ్చింది.

ఇస్త్రీ అక్క టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరితో మాట్లాడుతున్నావే?"

"ఎవరితోనూ లేదక్కా."

ఇస్త్రీ అక్క ఏదో అడగబోయింది. అవతల నుంచి ఇస్త్రీ యంత్రం గంట కొట్టింది. గ్లాసు బల్ల మీద పెట్టి, "చల్లారిపోతుంది, తాగు" అని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ నేల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెట్టారు. చేతులకి పనుంటే చిలక కుదురుగా కూర్చుంటుంది.

"చిలకా, ఆ రోజు బజార్లో, బొమ్మల కొట్టు దగ్గర నువ్వు ఒకాయన్ని చూశావు."

"ఎవరో."

"ఎవరో కాదు. అవును, మీ నాన్నే. నువ్వు సరిగ్గానే చూశావు. నేను అబద్ధం చెప్పాను."

చిలక తువ్వాలు అంచులు కలుపుతోంది.

"నాకు భయమేసింది. నాన్న మనల్ని చూసి అటు తిరిగిపోయాడు. నాకు బాధేసింది. నువ్వు ఏడుస్తావనుకున్నా. అందుకని కాదన్నాను."

"కాదన్నాను" అంది చిలక.

"నాన్న డ్యూటీకెళ్ళలేదు. ఇంకో ఇంట్లో ఉంటున్నాడు. ఇక్కడికి రాడు."

"రాడు."

"రాడు. ఎందుకో నాకు సరిగ్గా తెలియదు. నీ వల్ల మాత్రం కాదు."

ఆఖరి మాట సాధన చేసింది కాదు. దానంతటదే వచ్చింది. చిలక తువ్వాళ్ళన్నీ అయ్యాక జేబురుమాళ్ళు అందుకుంది. తల్లి ఇంకేదో జరుగుతుందని ఎదురుచూసింది. ఏమీ జరగలేదు. చెప్పింది చెవికెక్కిందో, గోడకెళ్ళి తగిలిందో తెలియలేదు.

మర్నాడు పొద్దున, జడ వేస్తుండగా, చిలక గిర్రున తిరిగి తల్లి చెయ్యి మీద ఫట్టుమని ఒక్కటిచ్చింది. ఎన్నడూ తనని తాను కొట్టుకోవడమే గాని ఇంకొకరి మీద చెయ్యెత్తిన పిల్ల కాదు. "తప్పు!" అనబోయి దుప్పట్లమ్మ నోరు బిగపట్టుకుంది. ఒక్క క్షణం ఆలోచించుకుని, నెమ్మదిగా అంది.

"నీకు కోపమొచ్చింది. నా మీద."

చిలక పెదాలు కదిలాయి. తిరిగి అదే మాట వస్తుందని తల్లికి తెలుసు, వచ్చేది ఎలా ఉంటుందో కూడా తెలుసు.

"నాకు కోపమొచ్చింది" అంది చిలక. "నీ మీద."

దుప్పట్లమ్మకి వెంటనే అందలేదు. తర్వాత అందింది. 'నీకు' అంటే 'నాకు' అంది. 'నా' అంటే 'నీ' అంది. పదకొండేళ్ళకి మొదటిసారి ఆ పిల్ల తన మాట తానుగా అంది, అదీ తల్లి మీద కోపంతో. చెయ్యి ఇంకా చురచురమంటోంది. ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది.

ఎవరికైనా చెప్పాలి. ఆస్పత్రికెళ్ళగానే రెండో అంతస్తుకి ఎక్కింది. మాటల టీచరు ఆ వారమే సెలవు పెట్టి వాళ్ళ ఊరెళ్ళింది, మళ్ళీ వస్తుందో రాదో తెలియదన్నారు. ఆమె నిజంగానే రాలేదు. మధ్యాహ్నం ఇస్త్రీ అక్కకి చెప్పింది. "నా మీద అంటే నీ మీద అందక్కా!"

"నిన్నే కొట్టి, కోపమని నీతోనే చెప్పిందా? అలుసిచ్చావంటే రేపు నెత్తికెక్కుతుంది" అంది ఇస్త్రీ అక్క, నిజమైన ఆదుర్దాతోనే.

ఆ మాటకి అర్థం తెలిసిన మనిషి ఈ ఊళ్ళోనే ఇంకొకడున్నాడు. 'నువ్వు' 'నేను' అని వేలు పెట్టి చూపిస్తూ ఆ పిల్లకి నేర్పబోయి, నేర్పబోయి, విసిగిపోయినవాడు. ఫోను తీసింది. నంబరు నోటికే వచ్చు. మళ్ళీ పక్కన పెట్టేసి, బండిలోంచి ఇంకో దుప్పటి లాగి లైటుకు ఎదురుగా పట్టింది.

'ఎవరో' అన్న మాట పోవడానికి రెండు నెలలు పట్టింది. టీచరు చెప్పినట్టు ఇరవైసార్లు కాదు, ఇంకా ఎక్కువే చెప్పాల్సి వచ్చింది. చిలక రోజూ అదే చోట, అదే బట్టల మడతల ముందు "నాన్న?" అనేది. తల్లి మళ్ళీ మొదట్నుంచి చెప్పేది. చెప్పి చెప్పి ఆమెకే ఆ కథ నలిగి మెత్తబడింది. ఇంకా ఇతర మాటలూ అలవాటయ్యాయి. బస్సు తప్పిపోతే "అయ్యో, నాకు చిరాకేసింది" అనేది పైకే. పక్కనున్నవాళ్ళు వింతగా చూసేవారు. చూస్తే చూడనీ అనుకునేది.

చిలకకి పదిహేడేళ్ళప్పుడు ఏదో కాగితం మీద సంతకం కావాలని ఆయన వచ్చాడు. జుట్టు నెరిసింది. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"బాగున్నావా తల్లీ?"

"బాగున్నావా తల్లీ" అంది చిలక. కంగారు పడితే ఇప్పటికీ అంతే. తర్వాత కాస్త తేరుకుని, "డ్యూటీకెళ్ళావా?" అంది.

"ఆఁ, డ్యూటీకే."

"కాదు. ఇంకో ఇంటికెళ్ళావు. అమ్మ చెప్పింది."

ఆయన మొహం ఎర్రబడింది. "ఇవన్నీ దానికెందుకు నూరిపోశావు?"

"నూరిపొయ్యలేదు. అడిగింది, చెప్పాను" అంది దుప్పట్లమ్మ. ఒకప్పుడైతే అన్నం పెట్టనా అనేది.

సంతకం పెట్టించుకుని, ఇచ్చిన మంచినీళ్ళు ముట్టకుండానే వెళ్ళిపోయాడు. చిలక తలుపు వైపే చూస్తూ, "నాన్నకి కోపమా?" అంది.

"కాదేమో. సిగ్గు అనుకుంటా."

"సిగ్గంటే?"

"మనం చేసిన తప్పు ఎదుటివాళ్ళకి తెలిసిపోయిందనుకో, అప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అదన్నమాట."

చిలక చాలాసేపు ఆలోచించింది. రెండు చేతులూ బల్ల మీద మడిచి, మధ్యలో మొహం దూర్చి, అక్కడ్నుంచే అంది. "ఇక్కడ పెట్టుకోవచ్చు."

దుప్పట్లమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వి, చుట్టూ చూసింది. కలిసి నవ్వడానికి ఎవరూ లేరు. చిలక మొహం ఎత్తి, ఎందుకు నవ్వుతోందో తెలియక, తల్లి కేసి చూస్తోంది.

ఇప్పుడు చిలకకి ఇరవై మూడు. పగలు కవర్లు తయారుచేసే కేంద్రానికి వెళ్తుంది, వ్యానొచ్చి తీసుకెళ్తుంది. సాయంత్రం గిన్నెలు తోముకునేటప్పుడు ఇద్దరూ ఆ రోజు ఏమనిపించిందో చెప్పుకుంటారు. చిలకవి ఎప్పుడూ మూడు నాలుగే. జిగురు అయిపోతే కోపమొచ్చింది. వ్యాను వేగంగా వెళ్తే బాగుంది. ఎవరో ఏడిస్తే బాధేసింది. దుప్పట్లమ్మ కూడా తనవి అంతే కొలతకి కత్తిరించి చెబుతుంది. ఆ కొలతకి లొంగనివి చాలానే ఉంటాయి. వాటిని తీసుకెళ్ళి ఎవరి ముందు విప్పాలో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఇస్త్రీ అక్క ఉద్యోగం మానేసి కొడుకు దగ్గరికెళ్ళింది. ఆమె స్థానంలో వచ్చిన అమ్మాయి చెవుల్లో ఎప్పుడూ పాటలే.

మొన్నొక సాయంత్రం గిన్నె కడుగుతూ దుప్పట్లమ్మ ఆగిపోయింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. చిలక కుళాయి కట్టేసింది.

"అమ్మ ఏదో అనుకుంటోంది."

"ఏమనుకుంటున్నాను?"

"తెలియదు. చెప్పు."

చెప్పొచ్చా, చెప్పకూడదా అని కాసేపు తటపటాయించింది. కానీ ఇన్నేళ్ళ తర్వాత దాచడం కూడా చేతకాలేదు.

"నేను ముసలిదాన్నయిపోయాక, నీ దగ్గర ఎవరుంటారా అని."

"ఎవరుంటారు?"

"నాకూ తెలియదు."

"భయమా?"

"భయమే."

చిలక తలూపింది. తుడిచిన గిన్నెలు పెద్దవి కింద, చిన్నవి పైన వరసగా అరలో సర్ది, తువ్వాలు చదరంగా మడిచి పెట్టి, తన గదిలోకెళ్ళిపోయింది. దుప్పట్లమ్మ పొయ్యి తుడిచింది. గచ్చు తుడిచింది. ఇంకేం తుడవాలా అని చుట్టూ చూసింది. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి.